మన ఊరి మ్యాచ్ ఎప్పుడో కాస్త చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

పోయిన శనివారం మా అమ్మాయికి ఫుట్‌బాల్ లీగ్ మ్యాచ్ చూపిద్దామని రెండు బస్సులు మారి నగరంలోని ఒక మైదానానికి తీసుకెళ్లాను. గేటుకు తాళం. లోపల ఒకతను గడ్డికి నీళ్లు పెడుతున్నాడు. 'మ్యాచ్ నిన్ననే అయిపోయింది సార్' అన్నాడు. ఆ సంగతి ఎక్కడైనా వేశారా అని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. పిల్లకు తొమ్మిదేళ్లు. ఐస్‌క్రీమ్‌తో సర్దిచెప్పి ఇంటికి తెచ్చాను.

నేను పెరిగింది బెంగళూరు దూరవాణినగర్‌లో. మా నాన్న మదనపల్లె వైపు నుంచి వచ్చి ఇక్కడి టెలిఫోన్ల ఫ్యాక్టరీ ఐటీఐలో (ఇండియన్ టెలిఫోన్ ఇండస్ట్రీస్) చేరాడు. 1980లలో ఆయన పేపరు తెరిస్తే ముందు చూసేది స్పోర్ట్స్ పేజీ అడుగున 'నేటి మ్యాచ్‌లు' అని వచ్చే చిన్న డబ్బానే. అందులో ఐటీఐ పేరుంటే ఎవరినో బతిమాలి షిఫ్టు మార్చుకునేవాడు. శివాజీనగర్‌లో బస్సు దిగి, బ్రిగేడ్ రోడ్డు మీదుగా మ్యాగ్రత్ రోడ్డు స్టేడియం దాకా నడక. నేను వెనకబడితే చెయ్యి పట్టుకుని లాగేవాడు తప్ప ఆగేవాడు కాదు.

ఆ రోజుల్లో బాగా ఆడేవాళ్లకు ఐటీఐ, విమానాలు తయారుచేసే హెచ్‌ఏఎల్ లాంటి ఫ్యాక్టరీలు ఉద్యోగాలిచ్చి టీముల్లోకి తీసుకునేవి. ఐటీఐ టీములో ఎడమ వైపు కాపు కాసే లెఫ్ట్ బ్యాక్ మా నాన్న సెక్షన్‌లోనే పనిచేసేవాడు. ఒకసారి అతను త్రో వెయ్యడానికి మా ముందుకే వచ్చాడు. 'రేపు పొద్దున నా స్టూలు నాకిచ్చెయ్ రా!' అని నాన్న అరిచాడు. బంతి నెత్తి మీద పెట్టుకుని అతను నవ్విన నవ్వు నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. త్రో నేరుగా హెచ్‌ఏఎల్ వాళ్ల కాళ్ల దగ్గర పడింది. పక్కన కూర్చున్న గౌతంపుర పేట వాళ్లు నాన్నను తమిళంలో దులిపేశారు. ఆయనకు వచ్చిన తమిళం కూడా ఆ గ్యాలరీలో నేర్చుకున్నదే. రిఫరీని తిట్టడానికి తప్ప ఇంకెక్కడా పనికొచ్చింది కాదు.

హాఫ్ టైంలో ఉడికించిన శెనక్కాయలు ఒలుస్తూ 1962 జకార్తా ఏషియాడ్ కథ చెప్పేవాడు. ఫైనల్లో దక్షిణ కొరియాను 2-1తో ఓడించిన జట్టుకు కోచ్ మన హైదరాబాదు రహీం సాహెబ్ అనీ, ఆ జట్టులో సికింద్రాబాద్ బలరాం, బెంగళూరు అరుమైనాయగం ఉన్నారనీ. ఎన్నిసార్లు చెప్పినా మొదటిసారి చెప్పినట్టే చెప్పేవాడు.

ఇప్పుడు ఆ ఫ్యాక్టరీ టీముల వెలుగు లేదు. అంతమాత్రాన ఊళ్లో ఆట ఆగిపోలేదు. 2023 మార్చి 4న రియాద్‌లో కర్ణాటక 3-2తో మేఘాలయను ఓడించి, రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ గెలిచింది. అంతకుముందు గెలిచింది మైసూరు రాష్ట్రం పేరుతో ఆడిన రోజుల్లో, అప్పటికి 54 ఏళ్ల కిందట. మా అపార్ట్‌మెంట్‌లో ఈ కబురు ఎవరికీ తెలియదు. ప్రొఫెషనల్ క్లబ్బు బెంగళూరు ఎఫ్‌సీ కంఠీరవ స్టేడియంలో ఆడితే మాత్రం అందరికీ తెలుస్తుంది, దానికి పోస్టర్లుంటాయి.

ఇంగ్లండ్‌లో ఏ రెండు క్లబ్బులు మన అర్ధరాత్రి వేళ ఆడతాయో మీ స్పోర్ట్స్ పేజీ తప్పకుండా చెబుతుంది. మధ్యాహ్నం ఇక్కడి కుర్రాళ్లు ఎక్కడ ఆడుతున్నారో చెప్పదు. ఫోన్లో వెతుక్కోవచ్చుగా అంటారేమో. వెతికేది ముందే తెలిసినవాడు. మా నాన్నకు మొదటి మ్యాచ్ సంగతి తెలిసింది సినిమా ప్రకటనలు చూస్తుంటే పక్కనే కనబడబట్టి. నిర్వాహకులు వేళలు మారుస్తుంటారన్నదీ నిజమే. మారితే మర్నాడు మార్చి వేయండి. బంగారం ధర రోజూ మారుతున్నా వేస్తున్నారు కదా.

అందుకే బెంగళూరు పేజీలో రోజూ మూడు లైన్లు అడుగుతున్నాను. ఎవరెవరికి మ్యాచ్, ఎక్కడ, ఎన్ని గంటలకు, టికెట్ ఉందా లేదా. ఆడపిల్లల లీగ్ కూడా కలిపి వేస్తే మా అమ్మాయి పేపరు చదవడం మొదలుపెట్టినా పెట్టొచ్చు. స్పోర్ట్స్ పేజీలో చోటు లేకపోతే రాశిఫలాల కింద వేసినా సరే, మా ఇంట్లో అది మాత్రం అందరూ చదువుతారు.

— ఒక పాఠకుడు, దూరవాణినగర్, బెంగళూరు