వెన్నుద్రవం రిపోర్టులో ఆ మూడు వివరాలూ ఉండాలి

సంపాదకుల వారికి,

క్యాన్సర్ మెదడు పొరలకు పాకిందేమోనన్న అనుమానంతో వెన్నులో నీరు తీసి సైటాలజీకి (కణాలను మైక్రోస్కోపు కింద చూసే పరీక్షకు) పంపితే, తరచుగా ఒకే వాక్యం తిరిగొస్తుంది: 'క్యాన్సర్ కణాలు కనిపించలేదు'. ఎంత ద్రవం చూసి ఆ మాట రాశారు, తీసిన ఎంతసేపటికి చూశారు, అది మొదటి నమూనానా రెండోదా అన్నది కాగితం మీద ఉండదు. ఈ మూడూ తెలియకపోతే ఆ నెగెటివ్‌ను ఎంతవరకు నమ్మాలో వైద్యుడికే తెలియదు, ఇంట్లోవాళ్లకు అసలే తెలియదు. ప్రతి వెన్నుద్రవం రిపోర్టులోనూ వీటిని తప్పనిసరిగా అచ్చువేయాలని ల్యాబ్‌లనూ, వాటికి గుర్తింపు ఇచ్చే సంస్థలనూ కోరుతూ, సైటాలజీ ల్యాబ్‌లో పనిచేసే మేం ఈ లేఖ రాస్తున్నాం.

రొమ్ము, ఊపిరితిత్తుల క్యాన్సర్లు, మెలనోమా (ఒక రకం చర్మ క్యాన్సర్), రక్త క్యాన్సర్లలో కొన్ని రకాలు ఇలా పాకడం ఎక్కువ. తలనొప్పి, వాంతులు, ఒకటి రెండుగా కనిపించడం, ముఖం ఒకవైపు వంకరపోవడం, కాళ్లలో బలం తగ్గడం, మూత్రం మీద అదుపు తప్పడం లాంటి పొంతన లేని లక్షణాలు ఒకే మనిషిలో కలిసి వస్తుంటే అనుమానించాలి. చికిత్స అందకపోతే వారాల్లోనే ప్రాణం మీదికి వచ్చే స్థితి ఇది. అయినా నిజంగా జబ్బు ఉన్నవాళ్లలో మొదటి నమూనా పట్టుకునేది 50 నుంచి 60 శాతం మందిని మాత్రమే. రెండోసారి తీసి చూస్తే అది దాదాపు 80 శాతానికి చేరుతుంది. కణాలు స్పష్టంగా కనిపించాయని వచ్చిన పాజిటివ్‌ను దాదాపు ఎప్పుడూ నమ్మవచ్చు. ఒక్కసారి చూసి ఇచ్చిన నెగెటివ్‌కు ఆ బలం లేదు.

మొదటి లోపం పరిమాణంలోనే జరుగుతుంది. సైటాలజీకి ఒక్కదానికే 10 మిల్లీలీటర్లు కావాలి, ఏ పరిస్థితిలోనూ 5కు తగ్గకూడదు. జరిగేదేమిటంటే, బయోకెమిస్ట్రీకీ మైక్రోబయాలజీకీ పంచగా మిగిలిన ఒకటి రెండు మిల్లీలీటర్లు మా చేతికొస్తాయి. ద్రవంలో క్యాన్సర్ కణాలు పలచగా ఉంటాయి కాబట్టి అంత కొంచెంలో ఒక్కటీ పడకపోవచ్చు. ఎక్కువ తీస్తే తలనొప్పి వస్తుందన్న భయం చాలామందిలో ఉంది. ఆ తలనొప్పికి ప్రధాన కారణం సూది లావు, దాని మొన ఆకారం. మొనకు కోసే అంచు లేని, పెన్సిల్ మొన తరహా సన్న సూది వాడితే ఆ బాధ బాగా తగ్గుతుంది. పెద్దవాళ్లలో మొత్తం ద్రవం సుమారు 150 మిల్లీలీటర్లు. శరీరం గంటకు 20 మిల్లీలీటర్ల చొప్పున కొత్తది తయారు చేస్తూనే ఉంటుంది. అంటే మేం అడిగే 10 మిల్లీలీటర్లు అరగంటలో తిరిగి నిండుతాయి.

ట్యూబుల వరస కూడా ముఖ్యమే. సూది దిగినప్పుడు చిన్న రక్తనాళం తెగితే మొదటి ట్యూబులో రక్తం కలుస్తుంది. సైటాలజీకి చివరి ట్యూబు ఇవ్వడం మేలు. ల్యుకేమియా (రక్త క్యాన్సర్) రోగిలోనైతే ఇది మరీ ప్రమాదం: రక్తంలో ఉన్న బ్లాస్ట్ కణాలు (ఎదగని క్యాన్సర్ కణాలు) సూది వెంట ద్రవంలోకి చేరి, జబ్బు మెదడు పొరలకు పాకకపోయినా పాకినట్టు చూపిస్తాయి. ద్రవం ఎర్రగా ఉందని తీసినవాళ్లు ఫారం మీద రాస్తే మేం ఆ జాగ్రత్తతోనే చూస్తాం.

రెండోది సమయం. అన్నిటికంటే ఎక్కువ నమూనాలు పాడయ్యేది ఇక్కడే. వెన్నుద్రవంలో ప్రొటీన్ చాలా తక్కువ, అందువల్ల కణాలు అందులో ఎక్కువసేపు నిలవవు, ఉబ్బి పగిలిపోతాయి. తీసిన 30 నిమిషాల్లో ల్యాబ్‌లో పని మొదలవ్వాలి. వార్డులో బల్ల మీద సాయంత్రం దాకా పడి ఉన్న ట్యూబులో, లేదా శనివారం తీసి సోమవారం పంపిన ట్యూబులో మాకు కనిపించేది కణాల శిథిలాలే. అరగంటలో చేరదనుకుంటే ఎథనాల్ ఉన్న ఫిక్సేటివ్ (కణాలు చెడకుండా నిలిపే ద్రవం) కలిపి పంపవచ్చు. ఏది, ఎంత కలపాలో ల్యాబ్‌ను ముందుగా అడగాలి, ఎందుకంటే ఫిక్సేటివ్ పడిన ద్రవం జీమ్సా రంగుకూ ఫ్లో సైటోమెట్రీకీ (కణాలను లేజర్ కాంతితో ఒక్కొక్కటిగా గుర్తించే పరీక్షకు) పనికిరాదు. కొద్దిసేపటి ఆలస్యమే అయితే సైటాలజీ ట్యూబును 4 డిగ్రీల ఫ్రిజ్‌లో ఉంచవచ్చు. బ్యాక్టీరియా కల్చర్ ట్యూబును మాత్రం ఫ్రిజ్‌లో పెట్టకూడదు, కొన్ని సూక్ష్మజీవులు చలికి చచ్చిపోతాయి. అన్ని ట్యూబులనూ ఒకే సంచిలో వేసి ఒకే చోట ఉంచే అలవాటు ఈ రెంటిలో ఏదో ఒకదాన్ని పాడుచేస్తుంది.

ల్యాబ్ లోపల సైటోసెంట్రిఫ్యూజ్‌తో (ద్రవాన్ని వేగంగా తిప్పే యంత్రంతో) కణాలను స్లైడు మీదికి దింపుతాం. వేగం మరీ ఎక్కువైతే కణాలు చదునై ఆకారం చెడుతుంది. ఒక స్లైడును గాలికి ఆరబెట్టి జీమ్సా తరహా రంగు, ఇంకొకదాన్ని వెంటనే ఆల్కహాల్‌లో ముంచి పాపనికొలావ్ రంగు వేయాలి. లింఫోమా (లింఫోసైట్ల క్యాన్సర్), ల్యుకేమియా కణాలు మొదటిదానిలో బాగా తెలుస్తాయి, న్యూక్లియస్ వివరం రెండోదానిలో. చూసేవారికి కష్టమల్లా ఇన్ఫెక్షన్ వల్ల ఉబ్బిన మోనోసైట్లతో, రెచ్చిన లింఫోసైట్లతో (రెండూ తెల్ల రక్తకణాలే). కొన్నిసార్లు అవి అచ్చం క్యాన్సర్ కణాల్లాగే ఉంటాయి. అలాంటప్పుడు ఇమ్యునోసైటోకెమిస్ట్రీ (కణం ఏ రకందో దానిలోని ప్రొటీన్లను బట్టి చెప్పే రంగు పరీక్ష) ఆదుకుంటుంది: ఎపితీలియల్ (అవయవాల పైపొర) కణాలకు సైటోకెరాటిన్, ఊపిరితిత్తులకు టీటీఎఫ్-1, రొమ్ముకు గాటా-3, మెలనోమాకు సాక్స్-10. వీటిలో ఏది వేయాలో తేల్చుకోవాలంటే అసలు క్యాన్సర్ ఏదో ఫారంలో ఉండాలి. 'సీఎస్ఎఫ్ (వెన్నుద్రవం) ఫర్ సైటాలజీ' అన్న మూడు ముక్కలతో వచ్చే ఫారం ఉన్న కొద్దిపాటి ద్రవాన్నీ వృథా చేయిస్తుంది.

రిపోర్టులో 'అనుమానాస్పదం' అని ఉంటే దాన్ని నెగెటివ్‌తో కలిపేయకండి. మళ్లీ తీసి పంపమనే దాని అర్థం. బయోకెమిస్ట్రీని చూసి నిర్ధారణ చేయడమూ కుదరదు. ప్రొటీన్ పెరగడం, గ్లూకోజ్ తగ్గడం క్షయ మెనింజైటిస్‌లోనూ అలాగే ఉంటాయి. గ్లూకోజ్ విలువకు అర్థం రావాలంటే అదే సమయంలో రక్తంలోని గ్లూకోజ్ కూడా చూడాలి. ఈ చిన్న పని తరచూ మర్చిపోతుంటారు.

రక్త క్యాన్సర్లలో మామూలు సైటాలజీకి దొరకని కొద్దిపాటి కణాలను కూడా ఫ్లో సైటోమెట్రీ పట్టుకుంటుంది, కాబట్టి ఆ రోగులకు రెండూ చేయించాలి. లింఫోమా అనుమానం ఉన్నప్పుడు ప్రాణాపాయం లేకపోతే ద్రవం తీసేదాకా స్టెరాయిడ్ ఆపడం మంచిది, ఆ మందుకు కణాలు కరిగిపోతాయి. సెంట్రిఫ్యూజ్ చేశాక పైన తేలే ద్రవాన్ని చాలాచోట్ల పారబోస్తారు. కణాల నుంచి విడిపోయిన క్యాన్సర్ డీఎన్ఏ ఉండేది అందులోనే. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు ఉందో లేదో దాని నుంచి తెలిస్తే మందు ఎంపికే మారవచ్చు. దాన్ని గడ్డకట్టించి దాచడానికి కావలసింది ఫ్రీజర్‌లో ఒక చిన్న గొట్టం పట్టే చోటు. అంతకన్నా ఖర్చు లేని ఈ పని ఇంకా నియమంగా మారకపోవడం మాకు బాధగా ఉంది.

ఎమ్మారై గురించి ఒక్క మాట. కాంట్రాస్ట్ మందు ఎక్కించి మెదడుకూ మొత్తం వెన్నుకూ తీసే ఎమ్మారైని ద్రవం తీయకముందే చేయాలి. ద్రవం తీశాక ఒత్తిడి తగ్గి, పొరలు జబ్బు లేకపోయినా మెరిసినట్టు కనిపించవచ్చు. పైగా మెదడులో గడ్డ ఒత్తిడి తెస్తుంటే నడుములో సూది గుచ్చడమే ప్రమాదం. అది ముందుగా తెలియాలి.

మొదటి నమూనా నెగెటివ్ వచ్చి, అనుమానం అలాగే ఉంటే రెండోసారి 10 మిల్లీలీటర్లు తీయించమని రోగి తరఫువాళ్లు అడగవచ్చు, అడగాలి. రెండుసార్లూ సరిగ్గా తీసి, సమయానికి చూసినా ఏమీ దొరకకపోతే, మూడోసారి తీయడం వల్ల కలిగే అదనపు లాభం కొంచెమే. అప్పుడు లక్షణాలనూ ఎమ్మారైనీ కలిపి చూసి, కణాలు దొరక్కపోయినా వైద్యులు చికిత్స మొదలుపెట్టే సందర్భాలు ఉంటాయి. ఆ నిర్ణయం తీసుకునేవారి ముందున్న రెండు నెగెటివ్‌లూ 10 మిల్లీలీటర్లు అరగంటలో చూసినవా, 2 మిల్లీలీటర్లు మర్నాడు చూసినవా అన్నది రిపోర్టే చెప్పాలి.

ఇట్లు,
సైటాలజీ ల్యాబ్‌లో పనిచేసే పాథాలజిస్టులు, టెక్నీషియన్లు