షార్ప్ కథలో మన నిజాం సేన ఏది?

సంపాదకులకు,

ఇరవై రెండేళ్లు సైన్యంలో పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. సీరియళ్లు చూసే అలవాటు లేదు. మనవడు పట్టుబట్టి కూర్చోబెడితే బెర్నార్డ్ కార్న్‌వెల్ నవలల ఆధారంగా బ్రిటన్‌లో 1993 నుంచి తీసిన ‘షార్ప్’ చిత్రాలు చూశాను. షార్ప్ అనే, కింది నుంచి పైకొచ్చిన బ్రిటిష్ సైనికుడి కథ. స్పెయిన్ యుద్ధాలకు నెపోలియన్ వైపు, వెలింగ్టన్ వైపు కలిపి గుప్పెడు మందే కనబడతారు, మా కంపెనీ కవాతుకైనా అంతకన్నా ఎక్కువ మంది వచ్చేవారు! అయినా తుపాకీలో మందు దట్టించే తీరు, చిరిగిన ఆకుపచ్చ కోటు, అధికారి కుర్రవాడి ముందు సార్జెంటు నమిలి మింగే మాటలు చూస్తే నాకు నా రోజులే గుర్తొచ్చాయి.

నా బాధ వేరు. 1799లో షార్ప్ సాధారణ సిపాయిగా శ్రీరంగపట్నం ముట్టడిలో ఉన్నట్టు ఒక నవల ఉంది. దాని నుంచి కొంత తీసుకుని 2006లో చిత్రం తీశారు. కాలాన్ని 1817కు జరిపి, రాజస్థాన్ కోటల్లో, లేని సంస్థానాన్ని సృష్టించారు. టిప్పు లేడు. 1799లో ఆర్థర్ వెలెస్లీ (తర్వాత వెలింగ్టన్ అయినవాడు ఇతనే) నడిపింది హైదరాబాదు నిజాం సేనను, దానితోపాటు తన 33వ పటాలాన్ని. అందులో మనవాళ్లు ఎంతమంది ఎండలో ఎడ్లబళ్ల వెంట నడిచారో! ఒంటెలు, రంగు తలపాగాలు మాత్రం తెర నిండా ఉన్నాయి.

మీ ఆదివారం సంచికలో ఆ దండయాత్ర గురించి ఎవరిచేతనైనా రాయించండి. మనవడికి చదివి వినిపిస్తాను.

– ఒక విశ్రాంత హవల్దారు, విజయనగరం