హెమటైట్‌ను పిల్లల చేతికివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పదో తరగతి పిల్లలు హెమటైట్ అనే ఇనుప ఖనిజం (ఐరన్ ఆక్సైడ్) ఫార్ములా గడగడా చెప్పేస్తారు. రాయి చేతిలో పెడితే మాత్రం గుర్తుపట్టలేరు. వాళ్ల తప్పేం లేదు, ఎవరూ చూపించలేదు.

నల్లగా మెరిసే హెమటైట్‌తో టైల్ వెనకవైపు గరుకు మీద గీయిస్తే ఎర్రటి గీత పడుతుంది. ఆ క్షణంలో పిల్లల మొహాలు చూడాలి! అదే మాగ్నటైట్ అనే మరో ఇనుప ఖనిజం అయితే గీత కూడా నలుపే. అయస్కాంతానికి గట్టిగా అతుక్కునేదీ అదే. శుద్ధమైన హెమటైట్ బరువులో దాదాపు 70 శాతం ఇనుమే. మన ఊళ్లలో అరుగులకు పూసే జాజుకు ఆ ఎరుపు దీనివల్లే వస్తుంది. నగలకు మెరుగుపెట్టే ఎర్రపొడి కూడా ఈ ఐరన్ ఆక్సైడే.

ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లాలో ఈ ఖనిజాన్ని తవ్వే ప్రభుత్వ గనుల సంస్థ ఎన్‌ఎండీసీ ప్రధాన కార్యాలయం మన మాసబ్‌ట్యాంక్‌లోనే ఉంది. నగరంలోని ప్రతి ప్రభుత్వ ఉన్నత పాఠశాలకూ ఒక హెమటైట్ ముక్క, ఒక మాగ్నటైట్ ముక్క ఇప్పించాలని ఆ సంస్థనూ, విద్యాశాఖనూ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అయస్కాంతం, పాత టైల్ టీచర్లే తెచ్చుకోగలరు. ఈ విద్యా సంవత్సరంలోనే మొదలుపెడితే బాగుంటుంది.

– ఒక రిటైర్డ్ సైన్స్ టీచర్, మెహిదీపట్నం, హైదరాబాద్