మా వీధి చివరి ఫోండా అమ్మగారికి

గ్వాదలహారాలో మా వీధి చివర ఫోండా నడిపే అమ్మగారూ, ఈ కృతజ్ఞతలు మీకే. మెక్సికోలో ఫోండా అంటే మధ్యాహ్నం ఇంటి వంట వడ్డించే చిన్న భోజనశాల. సూప్, అన్నం, ఒక కూర, తోర్తియాలనే వేడి మొక్కజొన్న రొట్టెలు, ఎండిన గోంగూర పూలతో కాచిన ఎర్రటి హమైకా పానీయం. ఉద్యోగానికి వచ్చిన నాకు ఈ దేశం మీద ప్రేమ పుట్టింది మీ బల్లల దగ్గరే.

వానాకాలంలో నా భార్యకు డెంగీ జ్వరం వచ్చింది. ఏదీ సయించలేదు. తను శాకాహారి, ఇక్కడ రాజ్మా జాతి గింజల కూరలోనూ తరచుగా పంది కొవ్వు వేస్తారు. మాంసం లేనిదేమైనా ఉందా అని మిమ్మల్ని అడిగాను. నా ముఖం చూసి, ఇంట్లో ఎవరికి బాగాలేదని అడిగారు.

వెంటనే పై అరలోంచి, ఇంకా పొయ్యి ఎక్కని కొత్త మట్టికుండ దించారు! మిగతా గిన్నెలన్నిటిలో మాంసం వండాం, అవి ఆమెకు వద్దు అన్నారు. ఆ కుండలో గింజలు, ఉల్లిపాయ, ఉప్పు మాత్రమే వేసి ఉడికించారు. మర్నాడు పొద్దున్నే మా గుమ్మం దగ్గరికి అతోలె తెచ్చారు. సున్నపు నీటిలో ఉడికించి రుబ్బిన మొక్కజొన్న పిండిని బెల్లం, దాల్చినచెక్కతో కాచిన జావ అది. జ్వరం వచ్చాక తను ఇష్టంగా తాగింది దాన్నే. తను కోలుకునేదాకా రోజూ తెచ్చారు, డబ్బు ముట్టలేదు.

మా ఆచారం ఏమిటో మీకెవరూ చెప్పలేదు. అయినా ఆ కుండను మాంసానికి దూరంగా, విడిగా ఉంచారు. అమ్మా, మీకు మా ఇద్దరి నమస్కారాలు. ఆదివారం తనే స్వయంగా వచ్చి మీకు చెబుతానంటోంది.