వార్షిక నివేదిక: ప్యాకేజీ నిర్వచనాలకు వేరు రిపాజిటరీ

గౌరవ సభ్యులకు నమస్కారం.

గత సర్వసభ్య సమావేశం ఆమోదించిన తీర్మానం మేరకు, ఇంతకాలం ఒకే రిపాజిటరీలో (ఫైళ్లను వాటి మార్పుల చరిత్రతో సహా భద్రపరిచే చోటు) ఉన్న మన ప్యాకేజీ మేనేజర్ (సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలను తెచ్చి అమర్చే సాధనం) మూల కోడ్‌ను, ప్యాకేజీ నిర్వచనాలను ఈ ఏడాది రెండుగా వేరు చేశాము. కార్యవర్గం సమయంలో అధిక భాగం దీనికే వెచ్చించినందున ఈ నివేదిక కూడా ప్రధానంగా దాని గురించే.

ఒక్కో ప్యాకేజీ నిర్వచనంలో ఉండేది సోర్స్ దొరికే చిరునామా, చెక్‌సమ్ (ఫైలు మారలేదని సరిచూసే సంఖ్య), డిపెండెన్సీల (ఆ ప్యాకేజీకి అవసరమైన ఇతర ప్యాకేజీల) జాబితా, బిల్డ్ విధానం (సోర్స్ నుంచి ప్యాకేజీని తయారుచేసే పద్ధతి). ఇవి నిత్యం మారుతుంటాయి. మూల కోడ్ మాత్రం ఆచితూచి మారాలి. రెండూ కలిసి ఉన్నప్పుడు ఒక లైబ్రరీ వెర్షన్ సంఖ్యను సవరించాలన్నా మూల కోడ్ పరీక్షలన్నీ నడిచేవి. నిర్వచనాలు మాత్రమే చూసుకునే మెయింటైనర్లకు మూల కోడ్‌ను మార్చే అధికారం కూడా ఇవ్వవలసి వచ్చేది. ఈ దారి కొత్తదేమీ కాదు. హోమ్‌బ్రూ అనే ప్యాకేజీ మేనేజర్ 2016లోనే తన ఫార్ములాలను (అక్కడ నిర్వచనాలకు పేరు) వేరు రిపాజిటరీకి తరలించింది. స్పాక్ అనే మరో ప్యాకేజీ మేనేజర్ 2025లో 1.0 విడుదలతో అదే పని చేసింది.

ఫైళ్లను విడదీయడం తేలికగానే ముగిసింది. మార్పులను నమోదు చేసే గిట్ సాధనంలోని చరిత్రను వడపోసి నిర్వచనాలకు సంబంధించిన కమిట్లను (నమోదైన మార్పులను) కొత్త రిపాజిటరీకి తెచ్చాము. వడపోతలో కమిట్ల హ్యాష్‌లు (ఒక్కో కమిట్‌ను గుర్తించే సంకేతాలు) మారిపోతాయి కాబట్టి, పాత హ్యాష్‌లను పేర్కొన్న చర్చలు చెల్లకుండా పోకూడదని పాత రిపాజిటరీ చరిత్రను చెరపకుండా అలాగే ఉంచాము.

అసలు శ్రమ ఆ తరువాత మొదలైంది. మూల కోడ్‌లోని ఏ ఫంక్షన్లను నిర్వచనాలు వాడుకోవచ్చో ఇంతవరకు ఎక్కడా రాసి లేదు. ఒక ఫంక్షన్ పేరు మార్చినవారు అదే కమిట్‌లో నిర్వచనాలన్నింటినీ సరిదిద్దేవారు. ఇప్పుడు ఆ వెసులుబాటు లేదు. అందుచేత ఆ ఫంక్షన్లను ఒక ఇంటర్‌ఫేస్‌గా నిర్దేశించి, దానికి ప్రత్యేక వెర్షన్ సంఖ్య ఇచ్చి, నిర్వచనాల రిపాజిటరీ తాను ఏ వెర్షన్‌కు రాయబడిందో ప్రకటించేలా, తనకు తెలియని వెర్షన్ ఎదురైతే మేనేజర్ బిల్డ్ మధ్యలో విఫలం కాకుండా మొదట్లోనే స్పష్టమైన సందేశంతో ఆగిపోయేలా మార్పులు చేశాము. ఈ ఒప్పందం లేని విభజన పేరుకు మాత్రమే విభజన అని కార్యవర్గం అభిప్రాయం.

విభజన వల్ల ఒక నష్టమూ ఉంది, దాచవలసిన పని లేదు. మునుపు ఒక్క కమిట్ హ్యాష్ చెబితే మేనేజర్, నిర్వచనాలు రెండూ ఏ స్థితిలో ఉన్నాయో తెలిసేది. ఇప్పుడు పాత బిల్డ్‌ను యథాతథంగా పునరావృతం చేయాలంటే రెండు హ్యాష్‌లు కావాలి. బిల్డ్‌లో వాడిన కచ్చితమైన వెర్షన్లను రాసి ఉంచే లాక్ ఫైల్‌లో రెండింటినీ నమోదు చేసే ఏర్పాటు చేశాము. పాత లాక్ ఫైళ్లు ఉన్నవారు వాటిని ఒకసారి మళ్లీ రూపొందించుకోవాలి. మూల కోడ్‌లో ప్రతిపాదించిన మార్పును తాజా నిర్వచనాలతో కలిపి పరీక్షించే పద్ధతి కూడా అమలులోకి వచ్చింది. అన్ని ప్యాకేజీలనూ ప్రతిసారీ బిల్డ్ చేయడం సాధ్యం కాదు కనుక, నిర్వచనాలన్నీ లోడ్ అవుతున్నాయో లేదో చూసి, ఎక్కువ ప్యాకేజీలకు ఆధారమైన కొన్నింటిని మాత్రమే పూర్తిగా బిల్డ్ చేస్తున్నాము.

సహకారులకు ఇచ్చే మార్గదర్శకాలను కొత్త అమరికకు తగినట్టు సవరించాము.

ఇంటర్‌ఫేస్ పాత వెర్షన్‌కు మద్దతు ఎంతకాలం కొనసాగించాలన్నది ఇంకా తేలలేదు. సొంత నిర్వచనాలను వేరుగా నిర్వహించుకునే సభ్యులు ఎక్కువ గడువు కోరుతున్నారు. మూల కోడ్ మెయింటైనర్లు తక్కువ చాలంటున్నారు. రెండు ప్రతిపాదనలనూ రాబోయే సర్వసభ్య సమావేశంలో ఓటింగ్‌కు ఉంచుతాము.