అరకు ఓటరు అంత అమాయకుడా?

సంపాదకులు గారికి,

రెండు వారాల కిందటి ఆదివారం మీ పత్రికలో అరకులోయ నియోజకవర్గం ఎన్నికల చరిత్ర అంటూ అర పేజీ వ్యాసం వేశారు. ఆ రోజే రాద్దామని కూర్చుంటే, కోపంలో ఉత్తరాలు రాయొద్దని మా ఆవిడ పెన్ను లాక్కుంది. పోనీ, మీరే సవరణ వేస్తారేమో అని రోజూ మూడో పేజీ అడుగు దాకా వెతికాను. టెండర్లూ, పేరు మార్పు ప్రకటనలూ తప్ప ఏమీ కనబడలేదు. కోపమూ తగ్గలేదు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

నేను లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను, అంకె తప్పుగా కనిపిస్తే చేతికి దురద. మీ పట్టికలో అరకులోయకు 1999లో శోభా హైమావతి గారు, 2004లో కుంభా రవిబాబు గారు ఎమ్మెల్యేలని వేశారు. అయ్యా, అప్పటికి అరకులోయ నియోజకవర్గం పుట్టనేలేదు! వాళ్ళిద్దరూ గెలిచింది శృంగవరపుకోటలో, అప్పట్లో అది ఎస్టీ రిజర్వుడు సీటు. 2008 పునర్విభజనలో కోట జనరల్ అయింది, చింతపల్లి సీటు మాయమైంది, అరకులోయ కొత్తగా వచ్చింది. మొదటి ఎన్నిక 2009లో. దాని కింద ఉన్నవి ముంచింగిపుట్టు, పెదబయలు, డుంబ్రిగుడ, అరకులోయ, హుకుంపేట, అనంతగిరి మండలాలు. మీ మ్యాపులో చింతపల్లిని కూడా కలిపేశారు, అది పాడేరు సెగ్మెంటులో ఉంది. విశాఖలో ఆఫీసు పెట్టుకున్న పత్రికకు ఈ కొండ ఎక్కడుందో తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందండీ?

2009 విజేతగా కాంగ్రెస్ అని రాశారు. ఆ ఏడాది రాష్ట్రంలో కాంగ్రెస్ గెలిచింది కదా, ఇక్కడా గెలిచే ఉంటుందిలే అనుకున్నట్టుంది మీ రిపోర్టరు. గెలిచింది తెలుగుదేశం, సివేరి సోమ గారు. కోటలో గెలిచి కొండెక్కిన రవిబాబు గారిని ఓడించారు. ఎన్ని ఓట్ల తేడాతో? 402. పక్కనే పాడేరులో అదే రోజు కాంగ్రెస్ పసుపులేటి బాలరాజు గారు, సీపీఐ గొడ్డేటి దేముడు గారి మీద 587 ఓట్ల తేడాతో బయటపడ్డారు. రెండు సీట్ల తేడాలూ కలిపితే వెయ్యి లేదు. చరిత్ర రాసేవాడికి ఇంతకంటే మంచి ముక్క దొరుకుతుందా? మీ వ్యాసంలో దీని గురించి ఒక్క వాక్యం లేదు. బొంగు చికెన్ గురించి మాత్రం ఒక పేరా ఉంది.

ఆ 402 నాకెందుకు గుర్తుందంటే, 2009 ఏప్రిల్ 16న పెదబయలు మండలంలో ఒక బూత్‌కి నన్ను ప్రిసైడింగ్ అధికారిగా వేశారు. జీపు ఆగిపోయిన చోటి నుంచి మిషన్లు కుర్రాళ్ళు నెత్తిన పెట్టుకుంటే మేం వెనకాల నడిచాం. అసెంబ్లీకి ఒకటి, పార్లమెంటుకి ఒకటి, మొత్తం రెండు మిషన్లు. పొద్దున్నే ఒక ముసలావిడ గెడ్డ దాటి వచ్చింది, చీర అంచు మోకాలి దాకా తడిసిపోయి ఉంది. కార్డు కొంగుకి ముడేసి తెచ్చింది. మా పోలింగ్ ఆఫీసరు వేలికి సిరా రాయబోతే చెయ్యి వెనక్కి దాచేసుకుంది. తన ఒరియాలో ఏదో గట్టిగా అంటోంది, మాకు అర్థం కాదు. ఏజెంటుగా కూర్చున్న కుర్రాడు నవ్వుతూ చెప్పాడు, పోయినసారి సిరా రాసేశాక నీ ఓటు పడిపోయింది పొమ్మన్నారట, ఈసారి ముందు ఓటు, తర్వాతే సిరా అంటోంది. రూల్ అలా కాదమ్మా అని చెప్పించడానికి మాకు పది నిమిషాలు పట్టింది. చివరికి ఎడమ చెయ్యి సిరాకి ఇచ్చి, కుడి చేత్తో మిషన్ ఉన్న బల్ల అంచు పట్టుకుని మరీ నిలబడింది.

ఇప్పుడు మీ వ్యాసం చివరి వాక్యం చూద్దాం. 'అమాయక గిరిజన ఓటర్లు మనిషిని కాదు, గుర్తును చూసి ఓటేస్తారు.' నాకు మండింది ఇక్కడే. అంకెలు తప్పు రాశారంటే బద్ధకం అనుకోవచ్చు. ఇది బద్ధకం కాదు, చిన్నచూపు.

2014లో ఏం జరిగిందో కొంచెం గుర్తు చేసుకోండి. అరకులోయలో కిడారి సర్వేశ్వరరావు గారు, పాడేరులో గిడ్డి ఈశ్వరి గారు, అరకు ఎంపీగా కొత్తపల్లి గీత గారు, ముగ్గురూ వైఎస్సార్ కాంగ్రెస్ టికెట్ మీద గెలిచారు. ముగ్గురూ ఆ పార్టీ వదిలేశారు. కిడారి 2016లో, ఈశ్వరి 2017లో తెలుగుదేశంలోకి వెళ్ళారు. గీత గారు ఎటెటో తిరిగి బీజేపీలో తేలారు. నియోజకవర్గం అభివృద్ధి కోసమే అన్నారు. ఆ అభివృద్ధి ఏ మలుపు దగ్గర ఆగిపోయిందో, మీ పత్రికలోనే వర్షాకాలం వచ్చేసరికి డోలీ మోతల ఫొటోలు చూస్తుంటాం కదా. తర్వాత ఓటరు ఏం చేశాడు? ఈశ్వరి గారు 2019లోనూ ఓడిపోయారు, 2024లోనూ ఓడిపోయారు. గీత గారిని 2024లో గుమ్మ తనూజారాణి గారు ఓడించారు. రాష్ట్రమంతా కూటమి గాలి వీచి వైఎస్సార్ కాంగ్రెస్‌కి 175లో 11 సీట్లు మిగిలితే, అందులో రెండు అరకులోయ, పాడేరు. నేనేమీ ఆ పార్టీ మనిషిని కాదు, నా ఓటు విశాఖలో, అది ఎవరికేశానో మా ఆవిడకే చెప్పను. కానీ గెలిచిన పార్టీని నడిమధ్యలో వదిలేసిన వాళ్ళకి ఇంత పద్ధతిగా బుద్ధి చెప్పిన ఊళ్ళు కొండ కింద ఎన్ని ఉన్నాయో ఒక పట్టిక వెయ్యండి చూద్దాం. ఇక్కడ కండువా మార్చినవాడికి మళ్ళీ దండలేసే ఊరేగింపులు మీరే మొదటి పేజీలో వేస్తారు.

గుర్తు చూసే వేస్తారనుకుందాం, మరి మనుషుల్ని ఎవరు మారుస్తున్నారు? 2009 నుంచి నాలుగు ఎన్నికలు జరిగితే అరకులోయకు నలుగురు ఎమ్మెల్యేలు, సోమ, కిడారి, చెట్టి ఫాల్గుణ, రేగం మత్స్యలింగం. ఒక్కరూ రెండోసారి రాలేదు. పాడేరులోనూ నలుగురే. అదే పాడేరు 2004లో బీఎస్పీ అభ్యర్థి లకే రాజారావు గారిని గెలిపించింది. ఏనుగు గుర్తుకి కోస్తాలో ఎవరు ఓటేశారండీ అప్పుడు? మీరేమో ఆయన్ని కూడా అరకు ఖాతాలో రాసేశారు.

ఇక 2014-19 గడిలో 'కిడారి, టీడీపీ' అని రాసి చేతులు దులుపుకున్నారు. ఆయన ఏ పార్టీ మీద గెలిచారో లేదు, ఎలా పోయారో లేదు. 2018 సెప్టెంబరు 23, ఆదివారం, డుంబ్రిగుడ మండలం లివిటిపుట్టు దగ్గర మావోయిస్టులు కిడారినీ, ఆయన చేతిలో ఓడిన మాజీ ఎమ్మెల్యే సోమనూ ఇద్దర్నీ కాల్చి చంపేశారు. ఆ రోజు విశాఖలో టీవీ ముందు నుంచి లేవని మనిషి లేడు. అప్పటిదాకా ఆ సీటును గెలిచింది ఆ ఇద్దరే. ఇంత పెద్ద సంగతి చరిత్రలోకి ఎక్కదా?

తర్వాత జరిగింది ఇంకా విచిత్రం. శాసనసభకి ఏడాది లోపే గడువుందని ఉప ఎన్నిక పెట్టలేదు. నవంబరులో కిడారి గారి అబ్బాయి శ్రావణ్‌ని మంత్రిని చేశారు. అంటే అరకుకి ఎమ్మెల్యే లేడు, మంత్రి ఉన్నాడు! ఏ సభలోనూ సభ్యుడు కాని మనిషి మంత్రిగా ఉండగలిగేది ఆరు నెలలే కాబట్టి, 2019 మే నెలలో ఫలితాలు రాకముందే ఆయన రాజీనామా చెయ్యాల్సి వచ్చింది. ఫలితాలు చూస్తే ఫాల్గుణ గారు గెలిచారు, స్వతంత్రుడిగా నిలబడ్డ సివేరి దొన్నుదొర గారు రెండో స్థానం, మంత్రిగారు మూడో స్థానం. మీరన్న అమాయకులు సానుభూతి వేరు, ఓటు వేరు అని చెప్పేశారు. 2024లో ఆ దొన్నుదొర గారినే అభ్యర్థి అని తెలుగుదేశం సభలో ప్రకటించి, తర్వాత పొత్తులో సీటు బీజేపీకి ఇచ్చేశారు. పాంగి రాజారావు గారు నిలబడి ఓడిపోయారు. టికెట్లు తేలేది అమరావతిలో, బేరాలు విశాఖ హోటళ్ళలో. ఓటు మాత్రం కొండ మీద వెయ్యాలి, అదీ సాయంత్రం 4 గంటల లోపల. మనకి బీచ్ రోడ్డులో షికారు ముగించుకుని 6 దాకా వెయ్యొచ్చు.

నోటా గురించి కూడా 'అవగాహన లోపం' అని ఒక్క ముక్కలో తేల్చేశారు. అరకు పార్లమెంటు స్థానంలో 2019లో నోటాకి దాదాపు 48 వేల ఓట్లు పడ్డాయి, 2024లో 50 వేలు దాటాయి. మిషన్‌లో చిట్టచివరి బటన్ అదే కాబట్టి కొందరు పొరపాటున నొక్కి ఉండొచ్చు, నేనూ కాదనను, రెండు మిషన్లు చూసి తడబడేవాళ్ళని కళ్ళారా చూశాను. కానీ పొరపాటే అయితే, ఐదేళ్ళ తర్వాత తగ్గాలి కదా, పెరిగిందేమిటి? వాళ్ళ భాషలో ఎవరైనా చెప్పారా? కోపంతో నొక్కారా? ఊళ్ళకి వెళ్ళి అడిగిన అధికారి ఉన్నాడా, రిపోర్టరు ఉన్నాడా? పాడేరు జిల్లా కేంద్రమై, 2022 నుంచి అక్కడే కలెక్టరు కూర్చుంటున్నా, మన పత్రికలకి ఇంకా కొండంటే కిరండోల్ రైలు అద్దాల బోగీ, వంజంగి మబ్బులు, కాఫీ పూత, అంతే. ఒకప్పుడు మీ పత్రికలోనే ఏజెన్సీ వార్తలు రాసే విలేఖరులు బస్సు దిగి నడిచి వెళ్ళేవారు. ఇప్పుడు సెల్‌ఫోన్‌లో దొరికిన పట్టికను తలకిందులుగా దించేస్తున్నట్టుంది.

ఈ ఉత్తరం మొత్తం వెయ్యకపోయినా ఫరవాలేదు, కోసుకోండి, నా పేరు కూడా అక్కర్లేదు. పట్టిక మాత్రం సరిచేసి మళ్ళీ వెయ్యండి. అదే ఆదివారం పేజీలో, అదే సైజులో. టెండర్ల కింద కాదు.

ఇట్లు,
మీ పాత చందాదారు,
మురళీనగర్, విశాఖపట్నం.