పాత చీటీకి మందులు: ఎవరికి ఇస్తున్నాం, ఎవరికి కాదంటున్నాం

మా మందుల షాపు కస్టమర్లందరికీ నమస్కారం.

ఈ 2020లో కోవిడ్ వల్ల క్లినిక్‌లు మూతపడ్డప్పటి నుంచి కౌంటర్ దగ్గర రోజూ వినే మాట ఒకటే: "డాక్టర్ లేరు, పాత చీటీ ఇదిగో, అవే ఇచ్చేయండి." చాలామందికి ఇస్తున్నాం, కొందరికి కాదంటున్నాం. కోపగించుకుని వెళ్లినవాళ్లూ ఉన్నారు కాబట్టి కారణం చెబుతున్నాను.

ఏళ్ల తరబడి ఒకే డోసు మీద ఉన్న బీపీ, షుగర్, థైరాయిడ్ వాళ్లకు మందు ఆగకూడదు. డాక్టర్ ఫోన్‌లో సరేనంటే చాలు, ఇస్తున్నాం. రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్ సంగతి వేరు. రక్తం ఎంతసేపటికి గడ్డకడుతుందో చెప్పే ఐఎన్ఆర్ పరీక్ష లేకుండా నెలలు గడిస్తే డోసు ఎక్కువై రక్తస్రావం కావచ్చు, చాలక రక్తం గడ్డ కట్టవచ్చు. అందుకే రిపోర్టు అడుగుతున్నాం. కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఆ కవరు మీద వారంలో ఏ రోజు వేసుకోవాలో పెన్నుతో రాసి, మీ చేత చదివించుకుని గానీ ఇవ్వం. విసుక్కోకండి.

అమ్మకాల సంగతీ దాచను. 2020 మార్చిలో అందరూ నెలల మందులు ఒకేసారి కొనడంతో గల్లా బాగానే నిండింది. ఇప్పుడు నా టెన్షన్ అంతా ఆ తర్వాత మళ్లీ కనిపించని పాత కస్టమర్ల గురించే. కొందరు ఉన్న మాత్రల్ని రోజు విడిచి రోజు వేసుకుంటూ సరిపెడుతున్నారు. ఫిట్స్ మందులు, స్టెరాయిడ్లు, గుండెకు వాడే బీటా బ్లాకర్లు ఉన్నట్టుండి ఆపితే జబ్బు తిరగబెట్టడమే కాదు, ఆపడమే ప్రమాదం. కొన్ని బీపీ మాత్రల వల్ల కోవిడ్ ముదురుతుందన్న పుకారుకు భయపడి మానేసినవాళ్లూ ఉన్నారు. మానొద్దని యూరప్ హృద్రోగ నిపుణుల సంఘం మార్చి 13నే చెప్పింది.

ఇది మన ఒక్కరి బాధ కాదు. 2020 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 155 దేశాలను అడిగితే, 53 శాతం దేశాల్లో బీపీ చికిత్స, 49 శాతం దేశాల్లో షుగర్ చికిత్స కొంతైనా దెబ్బతిన్నాయని తేలింది.

మొన్న ఒక పెద్దాయన ఆయింట్‌మెంట్ అడిగారు. ఎక్కడికండీ అంటే చెప్పు విప్పి చూపించారు. బొటనవేలి కింద అంచులు నల్లబడిన పుండు. "నొప్పేం లేదయ్యా" అన్నారు. షుగర్ ఉన్న మనిషికి పుండు నొప్పి తెలియడం లేదంటే నరాలు మొద్దుబారాయనే అనుమానించాలి. ఆయింట్‌మెంట్ అమ్మకుండా అప్పటికప్పుడే ఆసుపత్రి ఎమర్జెన్సీకి పంపాం. క్లినిక్ తెరిచి ఉంటే మామూలు చెకప్‌లోనే ఎవరో ఒకరు ఆ కాలు చూసేవారు. ఫోన్‌లో డాక్టర్‌కు కాలు కనిపించదు, మీరే చూపించాలి. బీపీ, షుగర్ అంకెలు తేదీలతో రాసి పెట్టుకుని ఫోన్ చేయండి. బీపీ మిషన్ లేనివాళ్లు షాపుకి వస్తే చూస్తాం, డబ్బులేం వద్దు.

ఇన్సులిన్ అవసరానికి మించి కొనకండి. చాలా రకాలు మూత తీశాక దాదాపు 28 రోజులే పనిచేస్తాయి, ఫ్రిజ్‌లో మంచులా గడ్డకడితే పారేయాల్సిందే. హైడ్రాక్సీక్లోరోక్విన్ ఇక లూపస్, కీళ్లవాతం చీటీ ఉన్నవాళ్లకే. కోవిడ్‌కు దానికిచ్చిన అత్యవసర అనుమతిని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2020 జూన్ 15న వెనక్కి తీసుకుంది కూడా.

వచ్చే వారం నుంచి, మందులు అయిపోయే సమయం దాటినా రానివాళ్లకు మేమే ఫోన్ చేస్తాం. వద్దనుకుంటే చెప్పండి, రిజిస్టర్‌లో పేరు కొట్టేస్తాం.